దొరకలేదన్న పొగమంచు

నవత పనిచేసే స్టూడియోలో వాన కురిపిస్తారు, ధూళి లేపుతారు, సముద్రాన్ని పొంగిస్తారు. అన్నీ తెర మీదే. ఫిల్మ్‌నగర్‌లో ఒక మలుపు దగ్గర, పెద్ద బండరాయిని పగలగొట్టలేక దాన్ని కలుపుకొని కట్టిన ఇల్లు అది. పై అంతస్తుకు వెళ్లే మెట్ల పక్కన ఆ రాయి గోడలోంచి పొడుచుకొచ్చి ఉంటుంది. వానాకాలంలో చెమ్మగిల్లి చల్లగా ఉంటుంది. పని ముందుకు సాగనప్పుడు నవత వెళ్లి దానికి అరచేయి ఆనించి నిలబడుతుంది.

ఆమెది వెంగళరావు నగర్. ఇంజినీరింగ్ అయ్యాక కొన్నాళ్లు బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాసింది. అక్కడ అంకెలు తప్ప మరేమీ కదలవని విసుగొచ్చి ఇటు వచ్చేసింది. ఇక్కడ తాను రాసిన ప్రోగ్రాం వరుసలు మబ్బులై నెమ్మదిగా సాగిపోతుంటే, ఒక్కోసారి కాఫీ చల్లారిపోయేదాకా వాటినే చూస్తూ కూర్చుంటుంది.

చలి మొదలైన రోజుల్లో ఒక డైరెక్టర్ స్టూడియోకి వచ్చాడు. కొన్నేళ్ల కిందట ఆయన సినిమా ఒకటి సగంలో ఆగిపోయింది. ఆ సినిమా కోసం ఇక్కడ తయారైన షాట్ ఒకటి ఆయన మనసులోంచి పోలేదు. పొలం గట్టు మీద ఒక తల్లి పొగమంచులోంచి నడిచి వస్తుంది. ఒక్క క్షణం ఇటు చూసి, మళ్లీ ఆ మంచులోకే వెళ్లిపోతుంది.

"కొత్త సినిమాలో మళ్లీ అలాంటి సీన్ ఉందండీ," అన్నాడాయన. "నాకు ఆ మంచే కావాలి. అందులో మనిషి మాయమైనట్టుండదు. మంచే ఆమెని దగ్గరకి తీసుకున్నట్టుంటుంది."

స్టూడియో యజమాని రఘునందన్ అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. ఎడిటింగ్ గదిలో సహాయకుడిగా మొదలై ఈ స్టూడియో పెట్టినవాడాయన. చేతికి ఎముక లేని మనిషి. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

"నవతా, ఆ మంచు మన దగ్గరనే ఉన్నది కదా. తీసి పెట్టు," అన్నాడు.

ఆ మంచును సృష్టించింది వర్ణిక. ఒకప్పుడు నవత పక్క కుర్చీలో కూర్చునేది. మరో సినిమా టైటిల్స్‌లో తన పేరు వేయలేదని రఘునందన్‌తో మాటామాటా పెరిగి, మానేసి వెళ్లిపోయింది. వెళ్లేముందు ఆమె రాసిన పెద్ద ప్రోగ్రాం పేరు 'నింగి'. ఒక ఇంట్లో గదులున్నట్టు అందులో మాడ్యూళ్లు ఉంటాయి. వాన ఒక గది, ధూళి ఒక గది, పొగ ఒక గది. కావలసినదాన్ని పేరు పెట్టి పిలిచి మన ప్రోగ్రాంలోకి తెచ్చుకోవడమే. ఆమె మొదట్లో రాసిన వరుసలు పాత సర్వర్ పాడైనప్పుడు దానితోపాటే పోయాయి. ఇప్పుడు మిగిలింది యంత్రం చదవగల రూపం ఒక్కటే. దాన్ని పిలిచి పని చేయించుకోవచ్చు గానీ, తెరిచి లోపల ఏముందో చదవలేరు.

'పొగమంచు' అన్న పేరు నవతకు బాగా గుర్తు. వర్ణిక తెర మీద ఎన్నో మధ్యాహ్నాలు చూసింది. ఆ పేరుతోనే పిలుస్తూ ఒక వరుస రాసి కంపైలర్‌కి ఇచ్చింది. మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేదీ, తప్పుంటే చెప్పేదీ అదే. ఎర్ర అక్షరాల్లో జవాబు వచ్చింది.

'నింగిలో పొగమంచు దొరకలేదు. మీరు పిలవాలనుకున్నది పొగనా?'

నవత అక్షరాలు సరిచూసుకుంది. మళ్లీ ఇచ్చింది. మళ్లీ అదే జవాబు. బయటికి కనిపించే పేర్లన్నీ వరుసగా తెప్పించి చూసింది. వాన, ధూళి, మబ్బు, పొగ, వేకువ... పొగమంచు లేదు.

"దొరకలేదంటే ఏందమ్మా?" రఘునందన్ ఆమె భుజం మీదుగా తెర చదివాడు. ఆయన ముఖం మెల్లగా బిగుసుకుంది. "తీసేసింది. పోతపోత తుడిచేసి పోయింది. నా మీద కోపంతోని."

"వర్ణిక గట్ల చేస్తదనుకోను సార్."

"కంప్యూటర్ అబద్ధమాడ్తదా?"

 నవత ఆ మాట నమ్మనూ లేదు, కాదని గట్టిగా అననూ లేదు. కంపైలర్ అడిగిన పొగనే వాడి చూద్దామన్నాడు రఘునందన్. ఆ నెలంతా నవత పొగను పలుచన చేసి, రంగు మార్చి, నేల మీద పరిచి, మంచుగా మార్చాలని చూసింది. డైరెక్టర్ వచ్చి, కుర్చీ ముందుకు లాక్కుని చూశాడు.

"ఎక్కడో ఇల్లు కాలినట్టుందండీ," అన్నాడు. "ఆమె ఆ పొగలోకి వెళ్తుంటే నాకు భయమేస్తోంది."

ఆ మధ్యాహ్నం ప్రివ్యూ గదిలో ఎవరూ లేరు. నవత వెనక వరుసలో కూర్చుని కళ్లు మూసుకుంది. ఏసీ సన్నగా మోగుతోంది. నిద్రో మెలకువో తెలియని స్థితిలో, తాను జూబ్లీహిల్స్ రోడ్ల మీద నడుస్తున్నట్టు అనిపించింది. గోడల మీంచి కాగితంపూలు వేలాడుతున్నాయి. ఇళ్లన్నీ తెల్లగా, అంచులు కరిగి ఉన్నాయి. ఒక గేటు ముందు ఆగి వర్ణిక ఉందా అని అడిగింది. లేదు అంది లోపలినుంచి ఒక గొంతు. పక్క గేటు దగ్గరా అదే జవాబు. కానీ ఆ గేటు కింద నుంచి తెల్లటి మంచు పారుతూ వచ్చి ఆమె పాదాలను తాకింది. చల్లగా ఉంది.

కళ్లు తెరిచాక కూడా ఆ చల్లదనం కాసేపు పోలేదు. లేచి వెళ్లి పాత డిస్కులు వెతకడం మొదలుపెట్టింది. ఏం వెతుకుతోందో ఆమెకే సరిగా తెలియదు.

ఆగిపోయిన సినిమా డిస్కులో, ఆ షాట్ కోసం వర్ణిక కట్టిన చిన్న ప్రోగ్రాం ఒకటి బతికే ఉంది. చదవడానికి వీల్లేని రూపంలోనే. అది పనిచేయాలంటే 'నింగి' కావాలి. ఇప్పుడున్న 'నింగి'నే దానికి చూపించి నడిపించింది నవత.

తెర కాసేపు నల్లగా ఉంది. తర్వాత కింద అంచున బూడిదరంగు గీత ఒకటి కనిపించింది. అది పొలం గట్టు. దాని వెనక నుంచి మంచు లేవసాగింది. పొగలా మెలికలు తిరగలేదు. ఎవరో నిద్రలో ఊపిరి వదిలినట్టు అలా పైకి వచ్చింది. మధ్యలో ఎక్కడో వెలుతురు ఉందని తెలుస్తోంది గానీ ఎక్కడో తెలియదు. వర్ణిక ఒకసారి చెప్పింది, చిన్నప్పుడు నర్సీపట్నం వైపు తెల్లవారుజాము బస్సుల్లో కిటికీ పక్కన కూర్చుంటే బయట చెట్లు ఉన్నాయో లేవో తెలిసేది కాదని, అయినా తనకు ఎప్పుడూ భయం వేయలేదని. నవత కుర్చీని తెర దగ్గరకు జరుపుకుని, మంచు తెరంతా నిండేదాకా చూసింది.

అప్పుడు తట్టింది. లేనిదైతే ఇది ఎక్కడి నుంచి వస్తోంది?

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకొచ్చి ఒక చిన్న పరీక్ష పెట్టింది. 'అల్మరా' అని ఒక బుల్లి ప్రోగ్రాం రాసింది. అందులో 'గాజులు' అనే ఒకే ఒక మాడ్యూల్ పెట్టి, బయటివాళ్లు వాడకూడదని ప్రైవేట్ గుర్తు పెట్టింది. తర్వాత బయటి నుంచి గాజులను పిలిచింది.

'అల్మరాలో గాజులు దొరకలేదు.'

నిమిషం కిందట తన చేతుల్తో తానే పెట్టింది. ఇప్పుడు గాజులను నిజంగానే తీసేసి మళ్లీ పిలిచింది. అక్షరం తేడా లేకుండా అదే వాక్యం. అంటే కంపైలర్‌కి లేనిదీ, ఉండి తలుపు మూసి ఉన్నదీ ఒకటే. రెండింటికీ దొరకలేదనే చెబుతుంది. పైగా సాయం చేస్తున్నట్టు దగ్గరి పేరొకటి చూపించి పక్కదారి పట్టిస్తుంది.

ఆదివారం నవత టోలిచౌకి వెళ్లింది. మేడ మీద ఒక చిన్న వాటాలో వర్ణిక తన అమ్మమ్మ అమ్మాజీతో ఉంటోంది. సందు మొదట్లో బిర్యానీ హోటల్ దగ్గర జనం. మెట్లెక్కితే మాత్రం అంతా నిశ్శబ్దం. వసారాలో అమ్మాజీ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నవతవి కదూ," అంది ఆమె కళ్లు చిట్లించి. "ఇన్నాళ్లకి దారి కనిపించిందా తల్లీ. లోపలే ఉంది, వెళ్లు."

వర్ణిక చిక్కిపోయింది. కూర్చోమని కుర్చీ చూపించి, తాను కిటికీ దగ్గర నిలబడింది. ఎలా ఉన్నావని అడిగితే, బాగానే ఉన్నానంది. కాసేపు ఇద్దరూ కింద సందులో పోయే బండ్లను చూశారు.

"బంజారాహిల్స్‌లో ఒక స్టూడియో వాళ్లు సంక్రాంతి నుంచి రమ్మన్నారు," అంది వర్ణిక, అడగకుండానే. "సూపర్‌వైజర్ పని. తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారు. ఎందుకో అర్థం కాలేదు. చివరికి అక్కడ తెలిసిన ఒకావిడ చెప్పింది. నేను వస్తూ వస్తూ మన ఆఫీసులో కోడంతా తుడిచేశానటగా?"

నవత తల వంచుకుంది. "సార్ అన్నడు. ఎవరికో ఫోన్‌ల చెప్పినట్టున్నడు."

"నువ్వూ అనుకున్నావా?"

"కాదని గట్టిగ అనలే."

 నవత సంచిలోంచి లాప్‌టాప్ తీసి, ఆ ఎర్ర అక్షరాలు ఆమె ముందు పెట్టింది. పక్కనే అల్మరా, గాజులు కూడా చూపించింది. వర్ణిక వంగి చదివింది. మళ్లీ చదివింది. నవ్వబోయినట్టు పెదవులు కదిలాయి కానీ నవ్వు రాలేదు.

"ఈ ఒక్క వాక్యమా?" అంది. "నాలుగు వారాలుగా నేనేం తప్పు చేశానా అని ఆలోచిస్తున్నాను నవతా. దీని వల్లనా?"

అమ్మాజీ కాఫీలు తెచ్చి పెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి వెళ్లిపోయింది.

కాఫీ తాగాక వర్ణిక తెరను తన వైపు తిప్పుకుంది. "ఆ పొగమంచు మాడ్యూల్ పని సగమే అయింది," అని చెప్పింది. "సీన్లో దీపం దగ్గరగా పెడితే మంచు గడ్డకట్టి దూది కుప్పలా అయిపోతుంది. ఎవరైనా నేరుగా వాడితే షాట్ పాడు చేసుకుంటారని ప్రైవేట్ చేశాను. బయటికి ఒక్క దారి వదిలాను. వేకువ. దాన్ని పిలిస్తే అదే లోపలికెళ్లి, సరైన వెలుతురు చూసుకుని మంచు తెస్తుంది. ఆ పాత షాట్ కూడా అలాగే చేశాను."

"వేకువ అంటే సూర్యుడి రంగులనుకున్న."

"చెప్పడానికి టైమ్ ఎక్కడ దొరికింది? ఆ రోజు సంచి తీసుకుని వచ్చేశాను కదా." వర్ణిక కప్పు పక్కన పెట్టింది. "వాడుకోండి. మంచు ఏం పాపం చేసింది. కానీ ఆ మాట మాత్రం... ఆయన వెనక్కి తీసుకోవాలి."

సోమవారం నవత రఘునందన్ గదిలోకి వెళ్లి, గాజుల పరీక్ష ఆయన కళ్ల ముందే మళ్లీ చేసింది. పాత ప్రోగ్రాం నడిపించి మంచు చూపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే లోపలనే ఉన్నదంటవ్."

"మొదటి నుంచి ఉన్నది సార్. మనకు తలుపు తెల్వలే."

"మరి దొరకలేదని ఎందుకంటది? తలుపు మూసుందని చెప్పొచ్చు కదా."

"దాన్ని రాసినోళ్లు గిట్ల అయితదని అనుకోలే కావచ్చు."

ఆయన కాసేపు బల్ల మీద వేళ్లు ఆడించాడు. "సరే. ఇప్పుడు దారి తెలిసింది కదా. ముందు షాట్ కానియ్. డైరెక్టర్ నెత్తి మీద కూసున్నడు. వర్ణిక సంగతి తర్వాత చూద్దాం."

నవత లాప్‌టాప్ మూసింది.  ఆయనకు ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

"ముందు ఫోన్ చేయుండ్రి సార్," అంది. "ఆ పిల్లకు పని పోయింది. మీరు చెప్పిన ఒక్క మాటకు."

"నేనేమన్న కావాలని చెప్పిన్నా? కంప్యూటర్ చెప్పింది, నేను నమ్మిన."

"కంప్యూటర్ దొరకలేదన్నది సార్. తుడిచేసిందని అనలే. అది మనమే అనుకున్నం."

ఆమె బయటికి వచ్చి మెట్ల పక్క రాయి దగ్గర నిలబడింది. అరచేయి దానికి ఆనించింది. పని పోతుందేమో అనుకుంది. పోతే మళ్లీ బ్యాంకుల అంకెలే. ఆ ఊహ భయపెట్టలేదు. ఎక్కడో దూరంగా, వేరే ఎవరి గురించో విన్నట్టుంది. కిటికీలోంచి లేత ఎండ వచ్చి మెట్ల మీద సాగుతోంది. చాలాసేపటికి లోపలి నుంచి రఘునందన్ గొంతు వినిపించింది. ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. మామూలుగా బిగ్గరగా మాట్లాడే మనిషి, మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు.

"లేదన్నా... ఆమె ఏం తుడవలే. నేనే తప్పుగ అర్థం చేసుకున్న... అవును, నేనే అన్న. ఇప్పుడు నేనే చెప్తున్న, నాది తప్పు."

తలుపు తెరిచి బయటికొచ్చినప్పుడు ఆయన ముఖం వాడిపోయి ఉంది. "వేరేటామెను తీసుకున్నరట," అన్నాడు. "పోయిన వారమే." కారు తాళాలు తీసుకున్నాడు. "ఆమె ఇల్లు ఎక్కడ? జర తోడు రా. ఒక్కణ్నే పోతే నాకు మాట రాదు."

అమ్మాజీ ఆయన్ని లోపలికి రమ్మంది గానీ కాఫీ ఇవ్వలేదు. ఆయన కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "తప్పైందమ్మా," అన్నాడు వర్ణికతో. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.  ఆయన తిరిగి పనిలోకి రమ్మన్నాడు. ఆమె రానంది. మంచులో మిగిలిన పని ఇంటి నుంచే పూర్తి చేసి ఇస్తానని, టైటిల్స్‌లో తన పేరు ఉండాలని అంది.

"ఉంటది," అన్నాడు రఘునందన్. "నా పేరు కన్న ముందుంటది."

"ముందు వద్దండీ. ఉంటే చాలు."

అప్పుడు అమ్మాజీ కాఫీ తెచ్చింది.

ఆ శీతాకాలం నవత, వర్ణిక మళ్లీ పక్కపక్కన కూర్చుని పని చేశారు, టోలిచౌకి మేడ మీద. వేకువ ద్వారా వచ్చిన మంచులో కొత్త సినిమా తల్లి గట్టు మీద నడిచింది. పోయిన వరుసలను గుర్తు తెచ్చుకుని మళ్లీ రాస్తూ, వర్ణిక దీపం సమస్యను కొంచెం కొంచెంగా సరిచేసింది. పని మధ్యలో, ఆ కంపైలర్ సంగతి కూడా చూద్దామని నవతే అంది. అది ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాస్తున్న ప్రోగ్రాం. ఎవరైనా మార్పు పంపొచ్చు. ఇద్దరూ కూర్చుని, దాని లోపల ఆ వాక్యం ఎక్కడ పుడుతోందో వెతికారు. అది పేర్లు వెతికేటప్పుడు, ప్రైవేట్‌వాటిని మొదటే పక్కకు తీసేసి, మిగిలినవాటిలోనే చూస్తోంది. కాబట్టి దాని వరకు అది అబద్ధమాడలేదు. తనకు కనిపించనిది లేదని నమ్మింది, అంతే.

కొత్త వాక్యం మీద ఇద్దరూ చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఇలా రాశారు. 'నింగిలో పొగమంచు ఉంది. అది ప్రైవేట్ కాబట్టి ఇక్కడి నుంచి పిలవలేరు. వేకువ ద్వారా అందుతుంది.' పేర్లు ఎక్కడికక్కడ మారేలా కట్టి పంపారు.

ఏ దేశం నుంచో, ఆ మార్పులను పరిశీలించేవాళ్లలో ఒకతను అభ్యంతరం చెప్పాడు. దాచుకున్నదాని పేరు బయటివాళ్లకు చెప్పడం సరికాదు కదా అన్నాడు. నవత దాని గురించి ఒక రోజంతా ఆలోచించింది. అతని మాటలో న్యాయం ఉందనిపించింది.

"నువ్వేమంటవ్?" అని వర్ణికను అడిగింది. "దాచింది నువ్వే కదా."

వర్ణిక కిటికీలోంచి చూస్తూ జడ అల్లుకుంటోంది. "పేరు తెలిసి వచ్చి అడిగినవాళ్లకే కదా చెప్పేది," అంది. "ఉంది, కానీ ఇప్పుడు ఇవ్వలేను అంటే ఎవరూ ఏమీ అనుకోరు. అసలు లేదంటేనే ఏవేవో ఊహించుకుంటారు."

ఆ మాటనే ఇంగ్లీషులో రాసి పంపింది నవత. కొన్ని వారాలు గడిచాయి. అతను కొన్ని పదాలు మార్చమన్నాడు, మార్చారు. ఒక పొద్దున ఆ మార్పును తీసుకున్నట్టు కబురు వచ్చింది. చివర ఒక చిన్న ధన్యవాదం, అంతే. నవత ఆ కబురును వర్ణికకు పంపింది. వర్ణిక నుంచి నవ్వు బొమ్మ ఒకటి వచ్చింది.

సినిమా ప్రివ్యూ జూబ్లీహిల్స్‌లోని ఒక చిన్న థియేటర్లో వేశారు. అమ్మాజీ రానంది, చీకట్లో కూర్చుంటే నిద్రొస్తుందని. గట్టు మీది సీన్ వచ్చినప్పుడు డైరెక్టర్ ముందు వరుసలోంచి లేచి, గోడకు ఆనుకుని నిలబడి చూశాడు. పక్కన రఘునందన్ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.  చివర్లో పేర్లు పైకి సాగిపోతుంటే, తన పేరు వచ్చినప్పుడు వర్ణిక నవత చేయి పట్టుకుంది. పేరు వెళ్లిపోయాక కూడా వదల్లేదు.

బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆటోలు ఆగడం లేదు. ఇద్దరూ చెక్‌పోస్ట్ వైపు నడక సాగించారు.

"ఇప్పుడేం చేస్తవ్?" అని అడిగింది నవత.

"ఒక వెబ్ సిరీస్ వాళ్లు సముద్రం అడుగున ఊరు కావాలంటున్నారు. నీళ్లు నాకు రావు. నేర్చుకోవాలి." వర్ణిక ఫోన్ మోగితే తీసి విని, చేత్తో మూసి పట్టుకుంది. "అమ్మమ్మ. రాత్రికి పెసరట్లు పోస్తోందట. నిన్నూ తీసుకురమ్మంటోంది."

"అల్లం చట్నీ ఉంటే వస్త."

వర్ణిక ఆ మాట ఫోన్‌లో చెప్పింది. అవతలి జవాబు విని నవ్వి, ఖాళీగా వస్తున్న ఆటోకి చేయి ఊపింది.